పీచు చొక్కా

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. అప్పాయమ్మని మొగుడు శ్రీరాములు ఏనాడూ కొట్టలేదు. ఆ ఇంట్లో దెబ్బలు తినే పనంతా ఆయనే చూసుకున్నాడు. తోడికోడలు అమ్మాజీ కూడా పాపం ఎప్పుడూ నవ్వలేదు. అయినా ఎనభై ఒకటో సంవత్సరం శ్రావణంలో మొదలుపెట్టి దసరా దాకా అప్పాయమ్మ ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. పైకి ఏడిస్తే నలుగురూ చేరి ఓదార్చేవారు. లోపల్లోపల ఏడ్చింది కాబట్టి ఆ ఖర్మ ఆమె ఒక్కతే పడింది.

అమలాపురం పాత మార్కెట్టు వీధిలో వాళ్ళది పెంకుటిల్లు. అన్నదమ్ములిద్దరూ వంటలు వేరు పెట్టుకున్నారు గానీ వాకిలి ఒకటే, నుయ్యి ఒకటే, బట్టలారేసుకునే దండెం ఒకటే. పెద్దవాడు శ్రీరాములుకి బస్టాండు దగ్గర సైకిలు షాపు. చిన్నవాడు దొరబాబు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో గుమాస్తా. వాళ్ళ తల్లి నూకాలమ్మ ఒక పూట పెద్దకొడుకు దగ్గరా, ఒక పూట చిన్నకొడుకు దగ్గరా తినేది. పెద్దకోడలి దగ్గర తిన్న పూట మాట్లాడకుండా తినేది. చిన్నకోడలి దగ్గర తిన్న పూట వీధరుగు మీదికొచ్చి, "మా అమ్మాజీ పులుసు పెట్టిందంటే చెయ్యి కడుక్కోబుద్ధి కాదమ్మా" అని దారే పోయేవాళ్ళకి చెప్పేది. ఆ పులుసులో ఉప్పు ఎక్కువని అప్పాయమ్మకి తెలుసు. వాసన చూసే చెప్పగలదు. చెబితే ఎవరు వింటారు?

అమ్మాజీ కాపరానికొచ్చి రెండేళ్ళు. పచ్చగా ఉంటుంది, పదో తరగతి పాసయింది, పత్రిక చదివి అత్తగారికి వినిపిస్తుంది. ఆ పిల్లకి రాని పని ఒక్కటే, కుట్టుపని. సూదిలో దారం ఎక్కించడానికి కూడా నాలుగుసార్లు ఎంగిలి చేసేది. అప్పాయమ్మకి వచ్చిన పని కూడా సరిగ్గా అదే. ఆమె కుట్టిన బొంత మీద మూడు కాన్పులు జరిగినా ఒక్క పోగు లేవదని వీధిలో చెప్పుకునేవారు. పెళ్ళికి పరుపులు కావాలన్నా, దూది తలగడలు కావాలన్నా పక్క వీధుల వాళ్ళు కూడా ఆమె దగ్గరికే వచ్చేవారు. అందం, చదువు, అత్తగారి ప్రేమ అన్నీ అటు పోయినా, ఈ ఒక్కటీ తన దగ్గర ఉందని అప్పాయమ్మ ధైర్యంగా ఉండేది.

ఆ ఏడు ఆషాఢంలో వాళ్ళ వీధి తాలింఖానా, అంటే కత్తిసాము నేర్పే చోటు, మళ్ళీ తెరిచారు. అమలాపురంలో దసరా అంటే వీధి వీధికీ తాలింఖానా ఉండాలి, కత్తీ డాలూ పట్టే కుర్రాళ్ళుండాలి, ఊరేగింపులో ఆ వీధి దేవుడి వాహనం ముందు వాళ్ళు ఆడాలి. పాత మార్కెట్టు వీధిలో ఆడేవాళ్ళు లేక అది కొన్నేళ్ళుగా మూతబడింది. గురువు సత్తిరాజు గారు ముసలితనంలో పట్టుబట్టి తెరిచారు. ఒకనాడు సాయంత్రం నేరుగా వీళ్ళింటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"ఏవమ్మా నూకాలమ్మా, మీ ఆయన వెంకటరాజు ఆడితే ఊరంతా ఆగి చూసేది. ఇద్దరు కొడుకుల్ని కని ఒక్కణ్ణైనా పంపవా?"

"ఒక్కణ్ణేంటండీ, ఇద్దర్నీ తీసుకెళ్ళండి గురువుగారూ" అంది నూకాలమ్మ.

అలా ముప్పై దాటిన శ్రీరాములూ, ముప్పైకి దగ్గరపడ్డ దొరబాబూ ఒకే రోజు కొత్తగా చేరారు.

ఆ తాలింఖానాకి ఒక పద్ధతుంది. కొత్తవాడికి కత్తి ఇవ్వరు. కర్ర కూడా ఇవ్వరు. ఎడమ చేతికి పేముతో అల్లి తోలు తొడిగిన డాలు ఒకటిస్తారు, ఒంటికి కొబ్బరి పీచు చొక్కా వేస్తారు, తలపాగా కింద పీచు చుట్ట పెట్టి కడతారు. అంతే. ఇక రోజూ సాయంత్రం కళ్ళంలో నిలబడాలి. కత్తి వచ్చినవాళ్ళు కర్రకత్తులతో వచ్చి కొడుతుంటే డాలుతో అడ్డుకోవాలి, అడ్డుకోలేనివి తినాలి. "దెబ్బంటే భయం పోనివాడి చేతికి కత్తిస్తే అది ముందు వాడినే కోస్తుంది" అనేవారు సత్తిరాజు గారు. ఇలా తిని తిని ఒకనాడు ఎవడిదో ఒక దెబ్బకి చొక్కా పిగిలి పీచు బయటపడాలి. ఆ రోజు డోలు కొట్టి కత్తి చేతికిస్తారు.

మహాలయ అమావాస్య లోపల పిగలకపోతే ఆ ఏటికి కత్తి లేనట్టే. అలాంటివాడు దసరా ఊరేగింపులో ఆడేవాళ్ళ పక్కన పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని నడవాలి.

పీచు చొక్కా కుట్టాల్సింది ఇంటి ఇల్లాలే. పీచుని నానబెట్టి, బాది, ఎండబెట్టి, మెత్తగా విడదీసి, రెండు గోనెపట్టాల మధ్య పరిచి, దబ్బనంతో పురికొస పెట్టి గళ్ళు గళ్ళుగా కుట్టాలి. అప్పాయమ్మ పురికొసకి మైనం పట్టించింది. లోపలి వైపు పాత పంచె అస్తరు వేసింది, పీచు ఒంటికి గుచ్చుకోకుండా. పక్క కుట్లు జంట వరసలు వేసింది. ఆమె కుడుతుంటే అమ్మాజీ తన గోనెపట్టా పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, నాకు చేతకావట్లేదు. ఒక్క వరస ఎలా వెయ్యాలో చూపించవా?"

చూపిస్తే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ ఒక చేతిలో అత్తగారూ, ఇంకో చేతిలో పదో తరగతీ ఉన్న మనిషి మూడో చెయ్యి చాపినట్టనిపించింది అప్పాయమ్మకి. "చూపించడానికేముందే అమ్మాయ్, గుచ్చడం, లాగడం. అలవాటవుద్ది" అని దబ్బనం ఇంకా గబగబా ఆడించింది, ఆ పిల్ల కంటికి ఆనకుండా. అమ్మాజీ కాసేపు చూసి, ఏమీ అర్థంకాక, తన అరుగు మీదికి పోయి జానెడేసి కుట్లు వేసుకుంది. ఆ చొక్కా చూసి అప్పాయమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుని నవ్వింది.

ఆట మొదలైంది. రైసుమిల్లు వెనక కళ్ళంలో మగవాళ్ళు, మిల్లు అరుగు మీద ఆడవాళ్ళు. మొదటి వారం ఇద్దరన్నదమ్ములూ నవ్వులపాలయ్యారు. శ్రీరాములు డాలు ఎత్తితే కళ్ళు మూసేవాడు. దొరబాబు దెబ్బ రాకముందే వెనక్కి గెంతేవాడు. "ఒరే, కత్తి వంక చూడకండిరా. ఎదటివాడి భుజం వంక చూడండి. భుజం కదలకుండా చెయ్యి రాదు" అని గురువుగారు బెత్తం చూపించి అరిచేవారు. ఆ చొక్కా లోపల ఉక్క అంటే మామూలు ఉక్క కాదు. ఆట అయ్యాక విప్పితే పిండినంత చెమట. దురద సరేసరి. ఇంటికొచ్చి నూతి దగ్గర కూర్చుంటే అప్పాయమ్మ వీపు మీద నీళ్ళు పోస్తూ కమిలిన చోట్లు తడిమి చూసేది.

"నొప్పా అండి?"

"ఇదివరకు దెబ్బ పడితే కోపం వచ్చేదే. ఇప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందా అని చూడబుద్ధవుతోంది" అన్నాడు శ్రీరాములు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో కొత్త సంతోషం ఉంది. పొద్దస్తమానం సైకిలు ట్యూబులకి ముక్కలు అతికించే మనిషి, సాయంత్రమయ్యేసరికి షాపు మూసి కళ్ళానికి పరిగెత్తేవాడు.

మొదట్లో అంతా అప్పాయమ్మ రాజ్యమే. గురువుగారు ఒకనాడు శ్రీరాములు చొక్కా పట్టుకుని గుంజి, బొటనవేలితో కుట్టు నొక్కి చూసి, అందరూ వినేలా అన్నారు. "నా ఎరకలో ఇలాంటి కుట్టు చూళ్ళేదు. ఎవరమ్మా ఇది?"

"ఆయ్, మా ఇంటిదేనండి" అన్నాడు శ్రీరాములు సిగ్గుపడుతూ.

ఆ రాత్రి అప్పాయమ్మకి అన్నం సయించలేదు, ఆనందంతో. మర్నాడు నూతి దగ్గర అమ్మాజీని చూసి, "నీ చొక్కా ఎలా ఉందే?" అని అడిగింది కూడా.

శ్రావణంలో ఒక సాయంత్రం దొరబాబు మీదికి బంగారరాజు అనే పాత ఆటగాడు వచ్చాడు. దెబ్బ పెద్దదేం కాదు. భుజం మీద పడింది. పడీ పడగానే అమ్మాజీ వేసిన జానెడు కుట్లు పటపటా ఊడి, చొక్కా నోరు తెరిచి, పీచు బుసబుసా బయటికొచ్చింది.

డోలు మోగింది. గురువుగారు దొరబాబు నుదుట బొట్టు పెట్టి కత్తి చేతికిచ్చారు. మిల్లు అరుగు మీద ఆడవాళ్ళంతా అమ్మాజీ చుట్టూ మూగారు. నూకాలమ్మ కళ్ళొత్తుకుని, "మా ఆయన పోలికేనమ్మా వాడు" అంది. అప్పాయమ్మ డోలు చప్పుడు వింటూ కూర్చుండిపోయింది. అది తన గుండెల మీద కొడుతున్నట్టే ఉంది. ఆమెకి అప్పుడు తెలిసింది, అడ్డదిడ్డంగా కుట్టినది గెలిచి, ముత్యాల్లా కుట్టినది ఓడిపోయిందని. ఆ పిల్లకి ఆ రోజు కుట్టు నేర్పి ఉంటే, ఆ చొక్కా కూడా ఈపాటికి గట్టిగానే ఉండేది. ఎవరిని తిట్టుకోవాలి?

తాలింఖానాలో ఇంకో పద్ధతి కూడా ఉంది. చొక్కా ఎవడి దెబ్బకి పిగిలిందో, వాడింటి ఆడమనిషే దాన్ని తిరిగి కుట్టి ఇవ్వాలి. కొట్టినింటికీ, దెబ్బతిన్నింటికీ మధ్య పగ మిగలకూడదని పెద్దలు పెట్టారు. బంగారరాజు తల్లి దొరబాబు చొక్కా బాగుచేసి, పసుపూ కుంకుమా పెట్టి పంపింది. దసరాకి ఆ కుట్టిన చొక్కాతోనే ఆడాలి. కొత్తగా కత్తి పట్టినవాడి గుర్తు అదే.

అక్కణ్ణించి అప్పాయమ్మకి ఇల్లు ముళ్ళ మీద కాపరమైంది. చూరులో దోపిన దొరబాబు కత్తి పొద్దున్న లేవగానే కనిపించేది. అమ్మాజీ దానికి పువ్వు పెట్టేది. పువ్వు పెడితే ఒక మంట, పెట్టడం మర్చిపోతే "అబ్బో, అలవాటైపోయింది గాబోలు" అని ఇంకో మంట. నూకాలమ్మ గేదెనెయ్యి గిన్నె అటువైపు జరిగింది. వీధిలో వాళ్ళు "కత్తి దొరబాబు గారి ఇల్లు" అనడం మొదలుపెట్టారు. ఇల్లు శ్రీరాములుది కూడా కదా! పెద్దవాడు కదా! ఆ మాట ఎవరికీ గుర్తు లేదు.

శ్రీరాములుకైతే ఏ బాధా లేదు. అదే అప్పాయమ్మ అసలు బాధ.

"ఏవండీ, ఆ డాలు కాస్త దించుకోకూడదా? దెబ్బ చొక్కా మీద పడనివ్వండి."

"అడ్డుకోవడం నేర్పుతున్నారు గురువుగారు. దించమంటావేంటి?"

"దించకపోతే లైటు మోస్తారు. తమ్ముడు కత్తి తిప్పుతుంటే పక్కన నెత్తిన పెట్రోమాక్స్ పెట్టుకుని! నేను ఏ మొహం పెట్టుకుని చూడాలి?"

"లైటు లేకపోతే ఆట కనపడదే" అన్నాడాయన నిజాయితీగా.

దున్నపోతు మీద వాన కురిసినట్టే. అయితే దెబ్బలు పడలేదని కాదు. పడ్డాయి. బంగారరాజు కొట్టాడు, మిగతావాళ్ళు కొట్టారు. గోనె నలిగింది, రంగు మారింది, కానీ ఒక్క కుట్టు కదల్లేదు. కళ్ళంలో కుర్రాళ్ళు వేళాకోళం మొదలెట్టారు. "అప్పాయమ్మ గారి చొక్కా వేసుకున్నవాడికి ఈ జన్మకి కత్తి రాదు." ఒకప్పుడు మెచ్చుకోలుగా విన్న మాటే ఇప్పుడు తిట్టులా తగిలింది.

భాద్రపదం అయిపోవచ్చింది. అమావాస్య ముంచుకొస్తోంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అత్తగారు కోడలు పిల్లని వెంటబెట్టుకుని బజారుకెళ్ళింది. అంటే చిన్నకోడల్ని. పెద్దకోడల్ని ఎప్పుడు తీసుకెళ్ళింది గనక! దండెం మీద చొక్కా ఆరుతోంది. అప్పాయమ్మ దాన్ని దించి గదిలోకి తీసుకెళ్ళి, మొగుడి గడ్డం బ్లేడు పట్టుకుని కూర్చుంది.

చాలాసేపు కొయ్యలేకపోయింది. ఎడమ చంక కింద ఉన్న ఆ జంట వరస ఆమె వేసినవాటిలోకెల్లా బాగా కుదిరిన కుట్టు. అది కుట్టిన రోజు కళ్ళు మంటలు పుట్టినా వెలుతురు పోయేదాకా లేవలేదు. ఇప్పుడు దాన్ని తనే కొయ్యాలి. "కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే ఇదేనే" అనుకుంది. అంతలో వీధిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "మా అమ్మాజీ బేరమాడితే కొట్టువాడికి నోరు పెగలదమ్మా!" అని ఎవరితోనో చెబుతోంది. అంతే. బ్లేడు ఆడింది. లోపలి అస్తరు కొంచెం పైకెత్తి, బయటికి కనపడకుండా, కుట్టు వెంబడి కుట్టు తెగిపోయింది. అస్తరు మళ్ళీ పైనుంచి టాకా వేసి, అత్తగారు గుమ్మం ఎక్కేలోపల చొక్కా దండెం మీద పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆమె అందరికంటే ముందెళ్ళి మిల్లు అరుగు మీద కూర్చుంది. ఏ బంగారరాజో కొడతాడు, పీచు కాస్త బయటపడుతుంది, డోలు మోగుతుంది. ఇంతవరకే ఆలోచించింది. ఎవరు కొడతారన్నది ఆలోచించలేదు.

"దొరబాబూ, రా. ఇవాళ అన్నగారితో నువ్వు ఆడు" అన్నారు గురువుగారు.

అప్పాయమ్మ అరుగు మీద నుంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది. పక్కనే అమ్మాజీ చెంగు సర్దుకుని ముందుకి వంగింది.

దొరబాబు అన్న కాళ్ళకి దణ్ణం పెట్టి కర్రకత్తి ఎత్తాడు. శ్రీరాములు బాగా ఆడాడు. పైనుంచి వచ్చినది డాలుతో తోశాడు, కుడివైపు వచ్చినది ఒళ్ళు తిప్పి తప్పించుకున్నాడు. ఎక్కడా కళ్ళు ముయ్యలేదు. చూపు తమ్ముడి భుజం మీదే ఉంది. మూడు నెలల కిందటి మనిషేనా అని అరుగు మీద వాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆ ఒక్క క్షణం అప్పాయమ్మ కూడా అన్నీ మర్చిపోయి చూసింది. అప్పుడు దొరబాబు పైకెత్తినట్టు ఎత్తి, కిందనుంచి ఎడమవైపు విసిరాడు.

చంక కింద మొదలై నడుం దాకా చొక్కా పక్కంతా ఒక్కసారి తలుపులా తెరుచుకుంది. పీచు గుప్పెడు కాదు, గంపెడు నేల మీద పడింది. అడ్డు లేని డొక్క మీద కర్రకత్తి చివర తగిలి శ్రీరాములు "అమ్మా" అని ఒంగిపోయాడు.

డోలు మోగింది. దొరబాబు కర్రకత్తి పారేసి అన్నని పట్టుకున్నాడు. శ్రీరాములు నవ్వుతూ, ఆయాసపడుతూ, ఒంగినవాడు ఒంగినట్టే చెయ్యి చాపి కత్తి అందుకున్నాడు. వెనకనుంచి ఎవరో అన్నారు. "చూశారా, అప్పాయమ్మ గారి కుట్టు కూడా ఊడింది! ఇంతేనా?" ఇంకెవరో నవ్వారు. నూకాలమ్మ చిన్నకోడలి వైపు తిరిగి, "అమ్మాజీ, చొక్కా తీసుకురావే. కొట్టింది నీ మొగుడు కదా, కుట్టాల్సింది నువ్వే" అంది.

ఆ రాత్రి అప్పాయమ్మ మొగుడి డొక్క మీద పసుపూ సున్నం పట్టు వేసింది. డొక్క వాచి ఎర్రగా కమిలింది. "తమ్ముడి దెబ్బ గట్టిదేనే" అని మురిసిపోయాడాయన. ఎముక విరిగి ఉంటే? ఆ ఆలోచన వచ్చి ఆమె పట్టు ఇంకో పొర వేసింది. అది వెళ్ళగానే రెండోది వచ్చింది. తెల్లారితే అమ్మాజీ ఆ చొక్కా తిరగేస్తుంది. బ్లేడుతో తెగిన పురికొస కొసలు సూదుల్లా సమానంగా ఉంటాయి. దెబ్బకి తెగినవైతే చీపురు కొసలా పోగులు లేస్తాయి. కుట్టు రానిదానికైనా ఆ తేడా తెలుస్తుంది.

మర్నాడు అరుగు మీద పనిలేని ఆడవాళ్ళంతా చేరారు. అమ్మాజీ చొక్కా ఒళ్ళో పెట్టుకుని అస్తరు తిప్పింది. వేళ్ళు కుట్టు వెంబడి కిందికి జారాయి, ఆగాయి. ఒక కొస పట్టుకుని చూసింది. ఇంకో కొస చూసింది. తలెత్తి నేరుగా అప్పాయమ్మ వైపు చూసింది. అప్పాయమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. ఆ పూట ఆమె ఏరినన్ని రాళ్ళు ఆ బియ్యంలో లేవు.

సరిగ్గా అప్పుడే గురువుగారు వచ్చారు. ఆయనకి రాత్రంతా అనుమానం.

"అమ్మాజీ, ఒక్కటి చెప్పమ్మా. ఆ కుట్టు అంత సులువుగా ఊడేది కాదు. ఎలకేమైనా కొరికిందా? ముందే తెగి ఉంటే అది దెబ్బకి పిగిలినట్టు కాదు. కత్తి వెనక్కి తీసుకోవాలి. ఇవాళే అమావాస్య కూడాను."

అరుగు మీద అందరూ అమ్మాజీ వైపు తిరిగారు. ఎలక కొరికిందంటే కుట్టు పరువు నిలుస్తుంది, మొగుడు లైటు మోస్తాడు. దెబ్బకే ఊడిందంటే మొగుడు కత్తి తిప్పుతాడు, తన కుట్టు వదులని ఊరంతా అంటుంది. అమ్మాజీ నోట్లో నుంచి ఏ మాట వచ్చినా అప్పాయమ్మకి సగం మిగలదు.

"ఎలకేం కాదండి గురువుగారూ" అంది అమ్మాజీ. చొక్కా మడిచి ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. "దెబ్బకే ఊడిందండి. ఈ పక్కన కుట్టు కాస్త వదులు. నా చొక్కాకీ అంతే అయిందిగా. అక్కదీ నాదీ ఒకే రకం కుట్టండి."

ఒకే రకం! జానెడు కుట్లూ, ఆ జంట వరసలూ ఒకే రకం! అప్పాయమ్మ చాట విసురుగా కింద పెట్టింది, బియ్యం ఒలికాయి.

గురువుగారు ఆమె వైపు తిరిగారు. "అంతేనా అమ్మాయ్? నీ కుట్టు సంగతి నీకు తెలియాలి."

బ్లేడు గురించి చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. మొగుడి మీద ప్రేమతో కాదు, కుట్టు మీద ప్రేమతో. లోపల గదిలో శ్రీరాములు దగ్గాడు. డొక్క నొప్పికి ఆపుకుంటూ దగ్గాడు. మంచం పక్కన కత్తి గోడకి ఆనించి ఉంది.

"ఆయ్" అంది అప్పాయమ్మ. "వదులేనండి. ఆ పక్క సరిగ్గా చూసుకోలేదు."

గురువుగారు తలూపి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు కూడా "ఏమోననుకున్నాం సుమా" అనుకుంటూ లేచారు. అరుగు మీద ఇద్దరే మిగిలాక అప్పాయమ్మ అడిగింది.

"చూశావుగా. ఎందుకు చెప్పలేదే?"

"బావగారు లైటు మొయ్యడం నేనూ చూళ్ళేనక్కా" అంది అమ్మాజీ. "ఆయనకి ఆట అంటే ఎంత ఇష్టమో రోజూ చూస్తున్నాంగా. నీ కుట్టుకేముంది, ఇంకో బొంత కుడితే మళ్ళీ పేరొస్తుంది." తర్వాత కొంచెం తటపటాయించి, "ఇది మాత్రం నాకు నిజంగా చేతకాదు. ఇప్పుడైనా చూపించవా? ఆ డొక్క మీద మళ్ళీ దెబ్బ పడితే కష్టం" అంది.

పోనీ ఆ మాటలో వెటకారం ఉందా అని అప్పాయమ్మ వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. దొరికి ఉంటే ఎంత హాయిగా ఉండేది! అందం దానిదే, చదువు దానిదే, అత్తగారు దానిదే. ఇప్పుడు మంచితనం కూడా దానికే పోయింది. తనకి మిగిలింది దబ్బనం ఒక్కటి. ఏడుపు దిగమింగుకుని కూర్చుని, అమ్మాజీ చెయ్యి పట్టుకుని, పురికొసకి మైనం ఎలా రాయాలో, ముడి లోపలికి ఎలా పోవాలో, రెండో వరస మొదటి వరస సందుల్లో ఎలా పడాలో అన్నీ చూపించింది. కసిగా చూపించింది, కానీ తప్పుగా చూపించలేదు. పెద్దల పద్ధతి ప్రకారం కుట్టింది మాత్రం అమ్మాజీయే. పిల్ల వేళ్ళు పొడుచుకుంది, ఊడదీసింది, మళ్ళీ కుట్టింది.

దసరా నాడు గడియారస్తంభం దగ్గర ఇసకేస్తే రాలని జనం. పాత మార్కెట్టు వీధి వాహనం ముందు అన్నదమ్ములిద్దర్నీ జోడుగా దింపారు గురువుగారు. అంచులు మొద్దు చేసిన ఇనుప కత్తులు, డాళ్ళు, తిరిగి కుట్టిన పీచు చొక్కాలు. డప్పులు హోరెత్తుతున్నాయి. తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళ భుజానికి ఒకళ్ళు ఒరుసుకుని నిలబడ్డారు.

అందరూ కత్తుల వైపు చూస్తుంటే అప్పాయమ్మ ఎడమ చంక కింద కుట్టు వైపే చూసింది. కొత్త పురికొస ఇంత దూరానికి కూడా తెల్లగా కనబడుతోంది. దొరబాబు కత్తి ఎత్తాడు, తిప్పాడు, కిందనుంచి అదే ఎడమవైపు విసిరాడు. నిలబడు తల్లీ, ఆయన డొక్క ఇంకా మానలేదు అని మొక్కింది ఆమె. ఆ మొక్కు పూర్తి కాకుండానే లోపల్నుంచి ఇంకో గొంతు, ఊడిపోవే, జనమంతా చూస్తుండగా ఊడిపోవే అంది. రెండూ ఆమె గొంతులే.

దెబ్బ పడింది. కుట్టు నిలిచింది. శ్రీరాములు ఆ ఊపులోనే తిరిగి, తమ్ముడి డాలు మీద ఠంగుమని ఒకటిచ్చాడు. జనం ఈలలు వేశారు, అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు.

అమ్మాజీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నిలిచిందక్కా! చూశావా, నిలిచింది!"

చుట్టూ ఉన్న వీధి ఆడవాళ్ళు అటు తిరిగారు. వాళ్ళందరి ముందూ ఏదో ఒకటి అనాలి. అప్పాయమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మొగుడి ఆట చూసి పొంగిపోతోంది పాపం అనుకున్నారు వాళ్ళు.

"నిలవక ఏం చేస్తుందే, నువ్వు కుట్టింది" అంది.

ఆ మాట తన నోటితో అన్నందుకు ఇంటికొచ్చేదాకా ఆమెకి గొంతు మండుతూనే ఉంది.